ఇన్వర్టరుకు ఏ బ్యాటరీ మంచిది?

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చెరకు తోలిన ట్రాక్టర్లు మాత్రం చుట్టుపక్కల ఊళ్లల్లో ఇంకా ఉన్నాయి. అందుకే ఇన్వర్టరు కొన్న ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: "ట్రాక్టరు బ్యాటరీ ఉన్నది కదా, కొత్తది ఎందుకు?"

పొయ్యిలో చిదుగులు వేస్తే భగ్గున మండి ఆరిపోతాయి. మొద్దు పెడితే నిదానంగా చాలాసేపు కాలుతుంది. ట్రాక్టరు బ్యాటరీ చిదుగుల వంటిది. ఇంజను స్టార్టు కావడానికి ఒక్కసారే ఎక్కువ కరెంటు ఇస్తుంది. అది కొద్ది క్షణాల పని. అందుకని లోపలి సీసం పలకలు పల్చగా ఉంటాయి. దానితో గంటల తరబడి ఫ్యాన్లు తిప్పితే ఆ పలకలు తొందరగా చెడిపోతాయి. అప్పుడు ఇంట్లో ఫ్యానూ ఆగుతుంది, పొలంలో ట్రాక్టరూ ఆగుతుంది.

ఇన్వర్టరుకు మొద్దు వంటి బ్యాటరీ కావాలి. దాన్ని ట్యూబులర్ బ్యాటరీ అంటారు. తరచుగా కరెంటు పోయే ఊరికి ఇది తగినది. నీళ్లు పోయనక్కరలేని సీలు బ్యాటరీలూ ఉన్నాయి. కానీ మన నిజామాబాద్ ఎండల వేడికి అవి తొందరగా దెబ్బతింటాయి. లిథియం బ్యాటరీ తేలిక, ఎక్కువ ఏళ్లు వస్తుంది. ధర ఎక్కువ. పైగా మన ఇన్వర్టరు దానికి పనికొస్తుందో లేదో ముందు అడగాలి.

ఎంత పెద్దది కొనాలి? బ్యాటరీ మీద 100, 150 వంటి అంకె, పక్కన ఏహెచ్ అని ఉంటుంది. ఆ అంకె మీరే చదవండి. సాయంత్రం బీడీలు చుట్టే ఇల్లు ఒకటి అనుకుందాం. రెండు ఫ్యాన్లకు 150 వాట్లు, మూడు ఎల్‌ఈడీ బల్బులకు 30 వాట్లు. మొత్తం 180. బ్యాటరీ 150 ఏహెచ్‌ది, 12 వోల్టులది. 150ని 12తో హెచ్చిస్తే 1800. సగం కంటే ఎక్కువ వాడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. సగమంటే 900. ఇన్వర్టరులో కొంత వృథా పోగా సుమారు 720 మిగులుతుంది. దాన్ని 180తో భాగిస్తే 4. అంటే నాలుగు గంటలు. ఇస్త్రీ పెట్టె పెడితే ఈ లెక్కంతా తలకిందులే!

ట్యూబులర్ బ్యాటరీలో నీళ్లు తగ్గుతాయి. ఎండాకాలంలో నెలకోసారి గుర్తు చూడండి. డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లు వద్దు, యాసిడ్ అసలే వద్దు. చార్జి అయ్యేటప్పుడు మండే గ్యాసు వస్తుంది. కాబట్టి గాలి ఆడే చోట పెట్టాలి. దీపం, అగరుబత్తి, బీడీ నిప్పు దగ్గరికి రానీయకండి. యాసిడ్ మీద పడితే వెంటనే చాలాసేపు నీళ్లతో కడగాలి. కంట్లో పడితే అలాగే కడిగి ఆసుపత్రికి పోవాలి.

వారంటీ కార్డు మీద కొన్న తేదీ రాయించుకుని, చదివి చూసుకోండి. పాత బ్యాటరీని ఇంట్లో పగలగొట్టనీయకండి. అందులోని సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. పాతది ఇస్తే దుకాణంవాళ్లు కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు. ఎంత తగ్గిస్తారో డబ్బు కట్టకముందే అడగండి.