యాంటీవైరస్‌కు రెండు పరీక్షలు

గాలికుంటు టీకా ఒకసారి వేయించి ఊరుకుంటే చాలదు. ఆరు నెలలకొకసారి మళ్ళీ వేయించాలి. కంప్యూటరు రక్షణ కూడా అంతే. 2017 మే నెలలో వాన్నాక్రై వైరస్ గుంటూరు సహా మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకు సోకింది. దాని విరుగుడును మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చిలోనే విడుదల చేసింది. వేసుకోని కంప్యూటర్లే ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఈ-మెయిలు వెంట వచ్చే ఫైళ్ళలోనూ ఇటువంటి వైరస్‌లు ఉంటాయి.

సభ్యుల పాల లెక్కలు, బిల్లులు పోతే తిరిగి రాయడం కష్టం. కనుక కార్యదర్శులు ఈ రెండు పరీక్షలు జరపవలసిందిగా కోరుతున్నాము.

ఒకటి: యాంటీవైరస్ పనిచేస్తున్నదా? ఇందుకు ఐకార్ అనే పరీక్షా ఫైలు ఉన్నది. అందులో 68 అక్షరాలే, హాని చేయదు. దానిని వేరొక చిరునామా నుంచి సంఘం ఈ-మెయిలుకు పంపండి. మెయిలు సేవ దారిలోనే ఆపితే మంచిదే. మీ దాకా వస్తే, కంప్యూటరులో దాచుకోబోయేసరికి యాంటీవైరస్ పట్టుకోవాలి. పట్టుకోకపోతే వెంటనే సరిచేయించండి.

రెండు: తాజాగా ఉన్నదా? ఐకార్‌ను పాతబడిన యాంటీవైరస్ కూడా పట్టుకుంటుంది. అందువల్ల ఉదయం పాల సేకరణ ముగియగానే చివరి అప్‌డేట్ తేదీ చూడండి. అది నేటిదో నిన్నటిదో కావాలి. చందా గడువు తేదీని గోడ క్యాలెండరుపై రాసి ఉంచండి.