తాళము కొరకు ఎదురుచూచు యంత్రము

ఏండ్ల తరబడి అటకపై నిదురించిన బి.బి.సి. మైక్రో కంప్యూటరును దుమ్ము దులిపి, మరమ్మతు గావించి, విద్యుత్తు నొసగినప్పుడు, దానియందు ఎకోనెట్ అను సంధాన పరికరము అమర్చబడియున్నచో, తెరపై దాని స్టేషను సంఖ్యయు, ఆ సంఖ్య వెంటనే ‘నో క్లాక్’ అను రెండు మాటలును కనబడును. గడియారము లేదని ఆ యంత్రము విన్నవించుకొనుచున్నది. ప్రాణము వచ్చినది, జ్ఞాపకము వచ్చినది, మాటలాడుటకు తోడు మాత్రము ఇంకను రాలేదు. పాత కంప్యూటర్ల పునరుద్ధరణమున ఆసక్తి గలవారిలో కొందరు ఇచ్చటనే తృప్తి చెంది ఆగిపోవుదురు. నా మట్టుకు నాకు, ఆ రెండు మాటలు చెరిగిపోయిన నాడు గాని ఆ పని ముగిసినట్లు తోచదు.

1980 దశకారంభమున బ్రిటిష్ ప్రసార సంస్థ, ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పవలెనను సంకల్పముతో, తన టెలివిజను పాఠములకు జతగా నొక యంత్రమును వెదకుచుండగా, కేంబ్రిడ్జి నగరమున హెర్మన్ హౌసర్, క్రిస్ కర్రీ అనువారు స్థాపించిన ఏకార్న్ సంస్థయందు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ మొదలగువారు ఐదు దినములలో నమూనా యంత్రమును నిర్మించి, పరీక్షకులు వచ్చు శుక్రవారము నాటికి దానిచేత పని చేయించిరి. 1981 డిసెంబరులో వెలువడిన ఆ యంత్రమునకు 2 మెగాహెర్ట్‌జ్ వేగము గల 6502 ప్రాసెసరును, ‘బి’ మాదిరియందు 32 కిలోబైట్ల జ్ఞాపకమును ఉండెను. మన దేశమున 1984లో పాఠశాలల కొరకు ఆరంభమైన ‘క్లాస్’ పథకమునకును దీనినే ఎన్నుకొనిరి గనుక, నల్లని మీటలకు పైన ఎర్రని మీటల వరుస గల ఆ పెట్టెను చూడగానే గుర్తుపట్టువారు మన పాఠకులలోను ఉండవచ్చును.

బడిలో ఒక గదినిండ యంత్రములున్నను, ఒక్కొక్కదానికి డిస్క్ డ్రైవు కొనుటకు చాలునంత ధనము ఎవరికి కలదు? క్యాసెట్టు నుండి ఎక్కించవలెనన్నచో పిల్లలు నిమిషముల తరబడి వేచియుండవలెను. అందుచేత అందరికిని ఒకే డ్రైవును పంచిపెట్టు ఉపాయముగా ఎకోనెట్ పుట్టినది. దాని తీగయందు రెండు జతలు గలవు: ఒక జతపై సమాచారము పోవును; రెండవ జతపై గడియారపు స్పందనము మాత్రమే పోవును. భజన మేళములో గొంతులు ఎన్ని యున్నను, తాళము వేయువాడు ఒక్కడే అయి, అందరును వానినే అనుసరించి పాడునట్లు, ఈ తీగపై నున్న యంత్రములన్నియు ఒక చిన్న పెట్టె వేయు తాళమును విని, సెకనుకు సుమారు 2 లక్షల బిట్ల చొప్పున మాటలాడును. తాళము ఆగినచో మేళము మూగవోవును. ‘నో క్లాక్’ అనగా ఇదియే.

సంభాషణ క్రమమును ఎంతో మర్యాదతో కూడినది. పంపదలచిన యంత్రము మొదట తీగ నిశ్శబ్దముగా నున్నదా యని ఆలకించి, పిమ్మట ‘ఇంట్లో ఉన్నారా?’ అన్నట్లు చిన్న పిలుపు పంపును. ‘ఉన్నాను, రండి’ అని ప్రత్యుత్తరము వచ్చిన పిదపనే అసలు సరకును అందించును. ‘అందినది’ అను మాట వినిన తరువాతనే ఊరకుండును. స్టేషను సంఖ్యలు 1 నుండి 254 వరకు గలవు. చివరి సంఖ్య ఆచారముగా, ఆ ఒకే డ్రైవును అందరికిని పంచు ఫైల్ సర్వరుది. విద్యార్థి నక్షత్రపు గుర్తు వేసి ‘ఐ యామ్’ అని తన పేరు చెప్పుకొని లోనికి ప్రవేశించును. యంత్రము ముందు కూర్చుండినవాడు మొదట తానెవరో చెప్పుకొనుట నాకు మిక్కిలి ఇష్టమైన ఏర్పాటు.

ఇక మరమ్మతు సంగతి. పాత యంత్రము దొరకిన ఉత్సాహమున వెంటనే స్విచ్చి వేయరాదు. దాని విద్యుత్ సరఫరా పెట్టెలో ప్రధాన విద్యుత్తుకు అడ్డముగా నున్న కెపాసిటర్లు కాగితపు పొరలతో చేయబడినవి; వాని పైకప్పు ఏండ్లు గడచిన కొలది బీటలు వారి తేమను పీల్చుకొనును; అట్టి స్థితిలో విద్యుత్తు తగిలినచో పెటేలున పగిలి ఘాటైన పొగతో గదిని నింపును. కావున ముందుగా వానిని మార్చవలెను. పిమ్మట చిప్పుల వంతు. సాకెట్లలో బిగించిన వాని కాళ్లకు మకిలి పట్టి, స్పర్శ చెడియుండును. ఒక్కొక్కటిని మెల్లగా పైకి లాగి, తిరిగి నొక్కినంత మాత్రమున మేల్కొనిన యంత్రములు ఎన్నియో. పసుపెక్కిన పెట్టెను హైడ్రోజన్ పెరాక్సైడుతో తెల్లబరచువారు కలరు. ఆ పసుపు దాని వయస్సు గనుక నేనైతే ముట్టను. ఎకోనెట్ అన్నిటికిని పుట్టుకతో వచ్చినది గాదు. పెక్కు బోర్డులపై దానికి చోటు ఖాళీగా నున్నది. అచ్చట 68బి54 అను చిప్పును, తక్కిన భాగములను కూర్చి, తీగకు రెండు కొసలయందును టర్మినేటరు తగిలింపవలెను. లేకున్నచో సంకేతము కొసను తాకి వెనుదిరిగి వచ్చి మాటలను కలగాపులగము చేయును.

అసలు ఫైల్ సర్వరులు నేడు అరుదు. వాని స్థానమున రాస్ప్‌బెర్రీ పై అను అరచేతి కంప్యూటరును చిన్న సర్క్యూటు ద్వారా తీగకు కలుపుచున్నారు. కేంబ్రిడ్జిలోనే పుట్టిన ఈ చిన్నదాని హృదయము ఆర్మ్ ప్రాసెసరు. ఆర్మ్ రూపకల్పన వేళ విల్సన్ దాని ఆదేశములను బి.బి.సి. బేసిక్ భాషయందే అనుకరించి పరీక్షించెను. 1985 ఏప్రిలులో మొదటి చిప్పు పలికినదియు బి.బి.సి. మైక్రోకు తోడు ప్రాసెసరుగనే. మనుమరాలు వచ్చి అవ్వ చేయి పట్టుకొనినట్లే యున్నది.

ఆ చిన్నది తన సర్క్యూటుతో తాళమును వేయును, 254వ స్థానమున కూర్చుండి ఫైళ్లను కాచును, తీగపై వచ్చిన పిలుపులను ఇంటర్నెట్టు మీదుగా వేరొక ఊరి యంత్రమునకు చేరవేయును. తెరపై ‘నో క్లాక్’ ఇప్పుడు లేదు. ‘ఇంట్లో ఉన్నారా?’ అని ఇచ్చటి పెట్టె అడుగును. ఎచ్చటనో మరియొక అటక నుండి దిగివచ్చిన పెట్టె ‘ఉన్నాను, రండి’ అనును.