తాతయ్య ఫిడేలు పరీక్ష

పిల్లలూ! పరీక్ష అంటే మీకు భయమా? అయితే ఈ సంగతి వినండి. ముప్ఫై అయిదేళ్ళపాటు బళ్ళో పరీక్షలు పెట్టిన నేను, అరవై నాలుగో ఏట పరీక్షకు వెళ్ళి గడగడ వణికిపోయాను!

మేముండేది హైదరాబాదులో, కొండాపూరులో. 1998లో పక్కనే మాదాపూరులో సైబర్ టవర్స్ తెరిచాక, ఇక్కడి రాళ్ళగుట్టల మధ్య అద్దాల మేడలు లేచాయి. మా అబ్బాయీ, కోడలూ పొద్దున్నే ఆ మేడలకు పనికి వెళతారు. తొమ్మిదేళ్ళ మనవరాలిని ఫిడేలు పాఠానికి తీసుకుపోవటం నా వంతు. ఊరికే కూచోవటం దేనికని నేనూ ఫిడేలు పట్టాను. రెండేళ్ళు గడిచాక మాస్టారు, "ఇద్దరూ మొదటి గ్రేడు పరీక్షకు కట్టండి," అన్నారు.

"ఫిడేలు దొరలది కదా తాతయ్యా?" అన్నది మనవరాలు.

"వచ్చింది అక్కడినుంచే, అమ్మలూ. కాని ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతానికి అలవాటు చేశాడు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విద్యార్థిగా చేరాలని వెళితే, ఆయన వాద్యం విని ఏకంగా పంతులుగా వేసుకున్నారు. నాది తిరగేసిన కథ. పంతులుగా ఉండి విద్యార్థినయ్యాను!"

మేము కట్టిన పరీక్ష పాశ్చాత్య సంగీతానిది. 1889లో లండనులో పుట్టిన అసోసియేటెడ్ బోర్డు దాన్ని నడుపుతుంది. గ్రేడులు ఎనిమిది. వయసు అడ్డు లేదు. మొత్తం 150 మార్కులు. మూడు పాటలకు తలా 30, మన సరళీవరసల వంటి స్కేళ్ళకు 21, కొత్త స్వరాలు అప్పటికప్పుడు చూసి వాయించటానికి 21, విని గ్రహించటానికి 18. నూరు వస్తే ప్యాసు, 120కి మెరిట్, 130కి డిస్టింక్షన్.

ఇందులో కష్టమేమిటంటారా? వీణకు ఇరవై నాలుగు మెట్లుంటాయి. ఫిడేలుకు ఒక్కటీ లేదు. వేలు రెండు మూడు మిల్లీమీటర్లు జరిగిందా, అపస్వరం! చెవే దారి చూపాలి. ఇక కమాను సంగతి. దానికి గుర్రపు తోక వెంట్రుకలు కట్టి, రోజిన్ అనే జిగురుబిళ్ళ రుద్దుతారు. వెంట్రుకలు తీగను పట్టి లాగుతాయి, తీగ జారిపోతుంది, మళ్ళీ పట్టుకుంటాయి. "ఎ" తీగ మీద ఇది సెకనుకు 440 సార్లు జరుగుతుంది. చెయ్యి నిలకడగా కదిలితేనే నాదం తియ్యగా వస్తుంది.

నా చెయ్యి నిలకడ తప్పింది. పాటలు మూడూ బాగానే సాగాయి. స్కేలు అడిగేసరికి కమాను తీగమీద గంతులు వేసింది. ఇంట్లో వందసార్లు వాయించినదే! సగంలో ఆగిపోయాను.

"తొందర లేదు, మళ్ళీ మొదలుపెట్టండి," అన్నది పరీక్షకురాలు నెమ్మదిగా.

అప్పుడు నాకు ఒక పిల్లవాడు గుర్తుకు వచ్చాడు. ఏనాడో నా ఎదుట పద్యం అప్పజెప్పలేక నిలబడిపోయాడు. "చదవలేదు!" అని కసిరి కూచోబెట్టాను. చదివే ఉంటాడు, పాపం. "మళ్ళీ మొదలుపెట్టు," అన్న మాట నా నోట రాలేదు.

ఊపిరి పీల్చుకుని మళ్ళీ వాయించాను. బాగా రాలేదుగాని, చివరిదాకా వచ్చింది.

ఫలితాలు వచ్చాయి. మనవరాలికి 121, నాకు 112. స్కేళ్ళకు 21కి 12 మాత్రమే!

"ప్యాసయ్యావుగా తాతయ్యా! ఇంకా స్కేళ్ళెందుకు?" అన్నది మనవరాలు మర్నాడు.

"మార్కులు వచ్చినచోట ఆగిపోవటానికి కాదమ్మా, తగ్గినచోట సాధన చెయ్యటానికే పరీక్ష," అన్నాను.

అది ఒక క్షణం ఆలోచించి, తన ఫిడేలు తెచ్చుకుని నా పక్కన నిలబడింది. "అయితే మళ్ళీ మొదలుపెట్టు, తాతయ్యా!" అన్నది.