టాన్సిల్స్ తొలగింపు శస్త్రచికిత్స

గొంతు వెనుక ఇరుపక్కలా ఉండే శోషరస కణజాలపు ముద్దలను టాన్సిల్స్ అంటారు. వీటిని శస్త్రచికిత్స ద్వారా తొలగించడాన్ని టాన్సిలెక్టమీ అంటారు. కొందరు వీటిని కొండనాలుకగా పొరబడుతుంటారు. నడుమ వేలాడేది కొండనాలుక. దానికి రెండు పక్కలా ఉండేవి టాన్సిల్స్.

ఎప్పుడు అవసరం

గొంతువాపు ఏడాదిలో 7 సార్లు, లేదా వరుసగా రెండేళ్ళు ఏటా 5 సార్లు, లేదా మూడేళ్ళు ఏటా 3 సార్లు వచ్చినపుడు వైద్యులు ఈ చికిత్సను పరిశీలిస్తారు. పిల్లలలో టాన్సిల్స్ బాగా పెరిగి నిద్రలో శ్వాసకు అడ్డుపడటం మరొక ముఖ్య కారణం.

పద్ధతులు

* చల్లని పద్ధతి: ఉక్కు పరికరాలతో టాన్సిల్‌ను కండరం నుండి వేరుచేసి, రక్తనాళాలను దారంతో ముడివేస్తారు. ఇది పాతది, ఖర్చు తక్కువ.
* ఎలక్ట్రోకాటరీ: విద్యుత్తు వేడితో కోస్తూనే రక్తనాళాలను మూసివేస్తారు. సమయం ఆదా అవుతుంది, కాని చుట్టుపక్కల కణజాలం కాలడం వలన తరువాత నొప్పి ఎక్కువ.
* కోబ్లేషన్: ఉప్పునీటి ద్వారా రేడియో తరంగాల శక్తిని పంపి, సుమారు 40 నుండి 70 డిగ్రీల సెల్సియస్ వద్ద కణజాలాన్ని కరిగిస్తారు. పరికరం ఖరీదైనది.
* పాక్షిక తొలగింపు: బయటి పొరను ఉంచి లోపలి భాగాన్ని మాత్రమే తీస్తారు. నొప్పి తక్కువ, అయితే టాన్సిల్ తిరిగి పెరిగే అవకాశం కొద్దిగా ఉంటుంది.

పోలిక

ఇంగ్లాండు, ఉత్తర ఐర్లాండులలో 2003-04లో సుమారు 34 వేల మంది రోగులను పరిశీలించగా, వేడి పరికరాలు వాడినవారిలో తరువాతి రక్తస్రావం చల్లని పద్ధతిలో కంటే ఎక్కువగా కనిపించింది. అనగా ఆపరేషన్ బల్లపై తక్కువ రక్తం పోవడం వేరు, ఇంటికి వెళ్ళాక రక్తం రాకుండటం వేరు.

కోలుకొనే కాలం

నొప్పి సాధారణంగా 7 నుండి 14 రోజులుంటుంది; చెవిపోటు కూడా రావచ్చు. గాయంపై ఏర్పడే తెల్లని పొర చీము కాదు, మానుతున్న గుర్తు. జబ్బు చేస్తే లంఖణం మంచిదనే నమ్మకం ఇక్కడ పనికిరాదు. మింగకపోతే గొంతు ఎండి నొప్పి పెరుగుతుంది. నీరు, చల్లని మజ్జిగ, అంబలి, మెత్తని గటక ఇవ్వవచ్చు. గట్టి జొన్నరొట్టె, సకినాలు, కారపు పదార్థాలు మానాలి. వైద్యుని సలహా లేకుండా ఆస్పిరిన్ వాడరాదు. కోడీన్ పిల్లలకు ప్రమాదకరమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో హెచ్చరించింది.

రక్తస్రావం మొదటి 24 గంటలలో, లేదా 5 నుండి 10 రోజుల మధ్య పొర రాలేటపుడు రావచ్చు. ఎర్రని రక్తం ఉమ్మినా, పిల్లలు నిద్రలో పదేపదే గుటకలు మింగినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో

పూర్వం ఈ ప్రాంతపు రోగులు ఎక్కువగా హైదరాబాదులోని కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్ళేవారు. మహబూబ్‌నగర్‌లో 2016లోను, నల్గొండలో 2019లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. అయినా దేవరకొండ, అచ్చంపేట, అమ్రాబాద్ వైపు పల్లెలకు పెద్దాసుపత్రి దూరమే. అందువలన ఇంటికి పంపేముందే రాత్రివేళ రక్తం వస్తే ఎక్కడికి వెళ్ళాలో అడిగి తెలుసుకోవాలి. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయాలి. దూరగ్రామాలవారు మొదటి పది రోజులు ఆసుపత్రికి దగ్గరలోని బంధువుల ఇంట ఉండటం మేలు.