తీర్పు తరువాతి చరిత్ర: అపకృత్య న్యాయ పరిశోధనలో కేసు టిప్పణుల అన్వేషణ

వ్యాససంగ్రహం:
భారతదేశంలో అపకృత్య న్యాయానికి (టార్ట్ లా) సమగ్రమైన చట్టం లేదు. దానిలో అధికభాగం న్యాయస్థానాల తీర్పులలోనే ఉంది. అయితే ఒక తీర్పును ఆమూలాగ్రం చదివినా, అది నేటికీ నిలిచి ఉన్నదో లేదో ఆ తీర్పు చెప్పదు. ఆ సంగతి తెలిపేవి కేసు టిప్పణులు. న్యాయ గ్రంథాలయంలో వీటిని ఏ క్రమంలో వెతకాలో, దొరికినవాటిని ఎలా చదవాలో తుళ్లూరు మండలం నేలపాడులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పరిధికి సంబంధించిన ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అపకృత్యం, కేసు టిప్పణి, శిరోలేఖనం, డైజెస్ట్, పూర్వతీర్పు, సార్వభౌమాధికారం, తుళ్లూరు.

1. ఉపోద్ఘాతం:
పత్తి, మిర్చి పండే తుళ్లూరు ప్రాంతం 2019 మార్చి నుండి రాష్ట్ర ఉన్నత న్యాయస్థానానికి కూడా నెలవైంది. ఒక ప్రభుత్వ అధికారి సరుకును స్వాధీనం చేసుకొని, అజాగ్రత్తవల్ల దానిని పాడుచేశాడనుకుందాం. నష్టపరిహారం కోసం వ్యాపారి ప్రభుత్వంపై దావా వేయవచ్చునా? పాత పాఠ్యగ్రంథం తెరిస్తే, 1964 నాటి కస్తూరిలాల్ తీర్పును చూపి, అది సార్వభౌమాధికార చర్య గనుక ప్రభుత్వం బాధ్యత వహించదనే సమాధానం దొరుకుతుంది. ఆ తీర్పు నిజంగానే ఉంది. దాని పాఠమూ అదే. అయినా ఆ సమాధానం నేడు సరిపోదు. తీర్పు వెలువడిన తరువాత దానికి ఏమి జరిగిందో తెలుసుకోకపోవడమే ఇందులోని లోపం. ఈ లోపం తరగతి గదిలో తప్పు పాఠమవుతుంది. సిద్ధాంత గ్రంథంలో తప్పు ప్రతిపాదనవుతుంది. న్యాయస్థానంలో బాధితుడికి దక్కవలసిన పరిహారానికే అడ్డుపడవచ్చు.

2. కేసు టిప్పణి - స్వరూపం:
న్యాయ గ్రంథాలయంలో టిప్పణి అనదగినవి మూడు రకాలుగా కనిపిస్తాయి. మొదటిది తీర్పు ఆరంభంలో ముద్రించే శిరోలేఖనం (హెడ్‌నోట్). తీర్పులోని న్యాయాంశాలను ఇది సంక్షేపిస్తుంది. రెండవది డైజెస్ట్. ఇది అనేక తీర్పుల సారాన్ని విషయాల వారీగా, అకారాది క్రమంలో కూర్చుతుంది. మూడవది ఒక తీర్పును తరువాతి తీర్పులు ఎలా స్వీకరించాయో నమోదుచేసే సైటేటర్.

అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ 1873లో ఇటువంటి నమోదును ఆరంభించాడు. ఒక్కొక్క న్యాయాంశంపై తీర్పులన్నిటినీ చర్చించే విస్తృత టిప్పణులతో 'అమెరికన్ లా రిపోర్ట్స్' 1919 నుండి వెలువడుతోంది. భారతదేశంలో ఈ పనిని డైజెస్టులు, వ్యాఖ్యాన గ్రంథాలు, ఇటీవలి కాలంలో ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర వంటి ఎలక్ట్రానిక్ నిధులు పంచుకొంటున్నాయి.

3. అపకృత్య న్యాయంలో ప్రత్యేక సమస్య:
ఒప్పందాల చట్టంపై పరిశోధించేవారికి సెక్షన్ సంఖ్యే దారి చూపుతుంది. సెక్షన్ల వారీ వ్యాఖ్యానాన్ని తెరిస్తే దాని కింద తీర్పులన్నీ వరుసగా ఉంటాయి. అపకృత్య న్యాయానికి ఆ సౌకర్యం లేదు. సర్ ఫ్రెడరిక్ పోలాక్ 1886లో భారతీయ సివిల్ అపకృత్యాల బిల్లును రూపొందించినా, అది చట్టం కాలేదు. అందువల్ల ఇక్కడ సెక్షన్‌కు బదులు విషయశీర్షికే ఆధారం.

శీర్షిక ఎంపిక తేలిక కాదు. 'టార్ట్' అనే శీర్షిక కింద నిర్లక్ష్యం, న్యూసెన్స్, పరువునష్టం వంటి ఉపశీర్షికలు ఉంటాయి. కాని ప్రభుత్వ బాధ్యతకు సంబంధించిన తీర్పులు రాజ్యాంగం 300వ అధికరణ కింద, రోడ్డు ప్రమాదాలవి మోటారు వాహనాల చట్టం కింద చేరతాయి. నాసిరకం విత్తనాలతో నష్టపోయిన రైతు సమస్యను నిర్లక్ష్యం అనే శీర్షిక కింద మాత్రమే వెతికితే, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వర్సెస్ ఎం. మధుసూదన్‌రెడ్డి కేసు తప్పిపోవచ్చు. రైతును వినియోగదారుడిగా గుర్తించిన ఆ 2012 నాటి సుప్రీంకోర్టు తీర్పు వినియోగదారుల రక్షణ చట్టం కింద ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ రైతుల ఫిర్యాదులే ఆ వివాదానికి మూలం. కాబట్టి నష్టం కలిగించిన చర్య, నష్టపోయిన వ్యక్తి, నష్టం చేసిన వ్యక్తి, కోరే పరిహారం అనే నాలుగు కోణాల నుండీ శీర్షికలను ముందుగానే రాసుకోవడం అవసరం.

4. నాలుగు చోట్ల తీర్పులు:
తుళ్లూరు ప్రాంతానికి సంబంధించిన పూర్వతీర్పులు ఒకే సంపుటాల వరుసలో దొరకవు. 1862లో ఏర్పడిన మద్రాసు హైకోర్టు 1954 జూలై 4 వరకు ఈ ప్రాంతానికి ఉన్నత న్యాయస్థానం. 1954 జూలై 5 నుండి గుంటూరులో ఆంధ్ర హైకోర్టు, 1956 నవంబరు నుండి హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పనిచేశాయి. 2019 జనవరి 1 నుండి ప్రస్తుత హైకోర్టు మొదట విజయవాడలోను, ఆ తరువాత నేలపాడులోను కొనసాగుతోంది.

1954 జూలై 5కు పూర్వపు మద్రాసు తీర్పులు తనకు శిరోధార్యమని ఆంధ్ర హైకోర్టు ఫుల్‌బెంచ్ సుబ్బరాయుడు కేసులో (ఏఐఆర్ 1955 ఆంధ్ర 87) నిర్ణయించింది. కనుక మద్రాసు కాలానికి ఐఎల్ఆర్ మద్రాసు శ్రేణి, మద్రాస్ లా జర్నల్. గుంటూరు, హైదరాబాదు కాలాలకు ఆంధ్ర వీక్లీ రిపోర్టర్, ఆంధ్ర లా టైమ్స్ వంటివి. అన్నిటికీ ఉమ్మడిగా ఆలిండియా రిపోర్టర్ చూడాలి. ఎలక్ట్రానిక్ నిధిలో న్యాయస్థానం పేరుగా 'ఆంధ్రప్రదేశ్' మాత్రమే ఎంచుకొంటే 1954కు ముందున్న తీర్పులు ఫలితాలలోకి రావు.

5. టిప్పణుల పరిభాష:
తరువాతి న్యాయస్థానం ఒక తీర్పును స్వీకరించిన తీరును టిప్పణులు ఒక్క మాటలో సూచిస్తాయి. 'ఫాలోడ్' అంటే అనుసరించడం; 'డిస్టింగ్విష్డ్' అంటే వాస్తవాలు వేరని చూపి వర్తింపజేయకపోవడం; 'డౌటెడ్' అంటే సందేహించడం; 'ఓవర్‌రూల్డ్' అంటే వేరొక కేసులో పై న్యాయస్థానమో, విస్తృత ధర్మాసనమో ఆ సూత్రాన్ని తోసిపుచ్చడం. 'రివర్స్డ్' అంటే అదే కేసు అప్పీలులో ఫలితం తారుమారు కావడం. చివరి రెండింటి మధ్య భేదాన్ని విస్మరించడం తరచుగా జరిగే పొరపాటు.

ఇంగ్లండులో 1868లో ప్రభువుల సభ స్థిరపరచిన రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ సూత్రం ఇందుకు మంచి ఉదాహరణ. ప్రమాదకరమైన వస్తువును తన భూమిలో నిల్వచేసినవాడు, అది తప్పించుకుపోయి నష్టం చేస్తే, తన నిర్లక్ష్యం లేకపోయినా బాధ్యుడన్నది దాని సారం. నేటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారీ చెరువులు తెగి రైలుమార్గానికి నష్టం జరిగినప్పుడు, 1874లో ప్రీవీ కౌన్సిల్ ఆ సూత్రాన్ని వర్తింపజేయలేదు. చెరువుల నిర్వహణ ప్రజల జీవనాధారానికి అవసరమైన విధి కనుక, నిర్లక్ష్యం రుజువు కానిదే జమీందారు బాధ్యుడు కాడని పేర్కొంది. ఇది సూత్రాన్ని తోసిపుచ్చడం కాదు, భేదం చూపడం. 1986 డిసెంబరులో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ప్రమాదకర పరిశ్రమలకు మినహాయింపులు లేని సంపూర్ణ బాధ్యతను నిర్దేశించింది. 1991లో యూనియన్ కార్బైడ్ కేసులో ఆ వ్యాఖ్యల నిర్బంధశక్తిపై సందేహం వ్యక్తమైంది. 1996లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ కేసులో అవి నిర్బంధకమేనని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 1991 దగ్గరే ఆగిన పరిశోధకుడు సంపూర్ణ బాధ్యతా సూత్రాన్ని బలహీనమైనదిగా భావించే ప్రమాదం ఉంది.

6. కస్తూరిలాల్ నుండి చల్లా కేసు వరకు:
ఉపోద్ఘాతంలోని ప్రశ్నను ఇప్పుడు పరిశీలించవచ్చు. రాజస్థాన్ వర్సెస్ విద్యావతి (ఏఐఆర్ 1962 ఎస్‌సీ 933) కేసులో ప్రభుత్వ వాహన చోదకుడి నిర్లక్ష్యానికి ప్రభుత్వం బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు చెప్పింది. కస్తూరిలాల్ (ఏఐఆర్ 1965 ఎస్‌సీ 1039) కేసులో మీరట్ పోలీసులు స్వాధీనం చేసుకొన్న బంగారాన్ని హెడ్‌కానిస్టేబులు అపహరించి పాకిస్తాన్‌కు పారిపోయాడు. స్వాధీనం చేసుకోవడం సార్వభౌమాధికార చర్య అన్న కారణంతో వ్యాపారికి పరిహారం దక్కలేదు.

1975లో ఆంధ్రప్రదేశ్‌లో స్వాధీనం చేసుకొన్న ఎరువులు అధికారుల అలసత్వంవల్ల పాడైన కేసు ఎన్. నాగేంద్రరావు అండ్ కంపెనీది. కస్తూరిలాల్ తీర్పు ఆధారంగా హైకోర్టు పరిహారాన్ని నిరాకరించగా, 1994లో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని బాధ్యురాలిని చేసింది. ఉపోద్ఘాతంలోని వ్యాపారికి అత్యంత సన్నిహితమైన తీర్పు ఇదే. కోవెలకుంట్ల సబ్‌జైలుపై 1977లో జరిగిన బాంబు దాడిలో ఒక ఖైదీ మరణించిన కేసులో, జీవించే హక్కు భంగమైనప్పుడు సార్వభౌమాధికార రక్షణ చెల్లదని హైకోర్టు 1989లో నిర్ణయించింది. 2000లో సుప్రీంకోర్టు దానిని సమర్థించి, కస్తూరిలాల్ తీర్పు పూర్వతీర్పుగా తన బలాన్ని కోల్పోయిందని అభిప్రాయపడింది.

ఈ వరుసలో రెండు చిక్కులు గమనార్హం. మొదటిది పేర్లకు సంబంధించినది. హైకోర్టు తీర్పు 'చల్లా రామకొండారెడ్డి వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం' (ఏఐఆర్ 1989 ఏపీ 235) అనే పేరుతో నమోదైంది. ప్రభుత్వం అప్పీలు చేయడంవల్ల సుప్రీంకోర్టులో పక్షాల క్రమం మారి, 'ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ చల్లా రామకృష్ణారెడ్డి' ((2000) 5 ఎస్‌సీసీ 712) అయింది. ఒక పేరుతోనే వెతికితే రెండవ తీర్పు దొరకకపోవచ్చు. రెండవ చిక్కు మరింత మౌలికమైనది. కస్తూరిలాల్ తీర్పు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనానిది; 1994, 2000 నాటి తీర్పులు ఇద్దరేసి న్యాయమూర్తులవి. చిన్న ధర్మాసనం పెద్ద ధర్మాసనం తీర్పును లాంఛనంగా తోసిపుచ్చలేదు. కనుక 'కస్తూరిలాల్ రద్దయింది' అని రాయడం తప్పు. 'కస్తూరిలాలే నేటి న్యాయం' అని రాయడమూ తప్పే. తరువాతి తీర్పులు దాని పరిధిని కుదించాయనడం సమంజసం. సైటేటర్‌లోని ఒక్క మాటో, ఒక్క రంగు గుర్తో ఈ సూక్ష్మతను పట్టి ఇవ్వలేదు.

7. అన్వేషణ క్రమం, జాగ్రత్తలు:
మొదట రతన్‌లాల్-ధీరజ్‌లాల్ వంటి ప్రామాణిక గ్రంథంలో విషయాన్ని చదివి, ప్రధాన తీర్పులను గుర్తించాలి. పిదప డైజెస్ట్‌లో సంబంధిత శీర్షికలన్నిటినీ చూసి, ఆ సంపుటం ఏ సంవత్సరం వరకు ఉన్నదో నమోదు చేసుకోవాలి. ఆ తరువాతి కాలాన్ని వార్షిక సంపుటాలతోను, ఎలక్ట్రానిక్ నిధులతోను పూరించాలి. ప్రతి ప్రధాన తీర్పుకూ అదే కేసు అప్పీలు చరిత్రను, ఇతర కేసులలో దాని స్వీకారాన్ని వేర్వేరుగా పరిశీలించి, ధర్మాసనంలోని న్యాయమూర్తుల సంఖ్యను పక్కనే రాసుకోవాలి. చివరగా టిప్పణి సూచించిన పేరాలను మూల తీర్పులోనే చదవాలి.

శిరోలేఖనం తీర్పులో భాగం కాదు. అది సంపాదకుల రచన. దానిని న్యాయస్థానం మాటగా ఉదహరించకూడదు. 2023 జనవరిలో ఆరంభమైన ఈ-ఎస్‌సీఆర్ ద్వారా సుప్రీంకోర్టు అధికారిక నివేదికలు ఉచితంగా లభిస్తున్నాయి. తెలుగులో వస్తున్న తీర్పుల అనువాదాలు విషయావగాహనకు ఎంతో ఉపకరిస్తాయి. అయితే ప్రామాణిక పాఠం ఆంగ్లమే కనుక, పరిభాషను నిర్ణయించేటప్పుడు మూలంతో సరిచూడటం తప్పనిసరి. 'రివర్స్డ్', 'ఓవర్‌రూల్డ్' రెండింటికీ 'కొట్టివేత' అని రాస్తే, పైన చెప్పిన భేదం తెలుగు పాఠకునికి అందదు.

8. ముగింపు:
తెలుగు పరిశోధకునికి ఈ పద్ధతి పూర్తిగా కొత్తది కాదు. ఒక పద్యపాఠాన్ని స్వీకరించే ముందు ప్రతులను, వ్యాఖ్యానాలను, తరువాతి లాక్షణికుల అభిప్రాయాలను పరిశీలించే పరిష్కర్త చేసే పని ఇటువంటిదే. అక్కడ పొరపాటు జరిగితే ఒక పాఠం చెడుతుంది. ఇక్కడ పొరపాటు జరిగితే ఎరువులు పాడైన వ్యాపారికో, చెరసాలలో తండ్రిని కోల్పోయిన కుమారునికో దక్కవలసిన పరిహారం దక్కకుండా పోవచ్చు. కస్తూరిలాల్ తీర్పును బోధించే అధ్యాపకుడు, ఆ పాఠాన్ని 1964తో ముగించకుండా 1994, 2000 నాటి తీర్పుల వరకు కొనసాగించినప్పుడే విద్యార్థికి నేటి న్యాయం అందుతుంది.