చైనా తరగతిలో ‘గ్రాస్’ లెక్కలు

వ్యాపార ఇంగ్లిష్ నేర్చుకునే చైనా విద్యార్థికి ‘గ్రాస్’ ఒకటి కాదు, రెండు. జీడీపీలోని గ్రాస్ వాళ్లకు ‘జోంగ్’, అంటే మొత్తం. గ్రాస్ ప్రాఫిట్ మాత్రం ‘మావో లీ’. మావో అంటే వెంట్రుక, ఉన్ని. శుభ్రం చేయనిది అనే అర్థమూ ఉంది. విప్లవ నేత మావో ఇంటిపేరు రాసేదీ ఈ అక్షరంతోనే! తీసేయాల్సినవి పోగా మిగిలే ‘నెట్’కు వాడే ‘జింగ్’ అంటే శుభ్రమైనది. ఈ జంట నాకు ఎంతో నచ్చింది. ఇంకా ఏదో తీసేయాలని ‘మావో’ అక్షరమే చెప్పేస్తుంది.

ఏం తీసేయాలన్నది చోటును బట్టి మారుతుంది. గ్రాస్ వెయిట్‌లో పెట్టె, గోనె బరువు కలిసే ఉంటాయి. గ్రాస్ ప్రాఫిట్‌లో సరుకు ఖర్చు పోయింది కానీ ఆఫీసు ఖర్చులు, పన్నులు పోలేదు. జీడీపీలో యంత్రాల, భవనాల అరుగుదల తీయలేదు. జీతానికైతే చైనావాళ్లు జోంగ్, మావో రెండూ వదిలేసి ‘పన్నుకు ముందు జీతం’ అనేస్తారు.

చవక సరుకుల ఎగుమతుల్లో ‘గ్రాస్ ఫర్ నెట్’ అనే షరతు ఉంది. సంచి బరువుకూ సరుకు ధరే! ఒప్పందంలో స్పష్టంగా రాసుకోవాలి సుమా. సరుకుల అమ్మకంపై 1980 నాటి వియన్నా ఒడంబడిక 56వ అధికరణం ప్రకారం, సందేహం వస్తే నెట్ బరువుకే ధర. చైనాలో ఈ ఒడంబడిక 1988 నుంచి అమల్లో ఉంది.

ఓడల ‘గ్రాస్ టన్నేజ్’ అసలు బరువే కాదు. ఓడ లోపలి మూసిన చోటు ఘనపరిమాణం నుంచి కట్టే లెక్క అది. పెన్సిళ్లు, బొత్తాల లెక్కలో ‘గ్రాస్’ వేరే మాట, అంటే 144. చైనీయులకు అది ‘లువో’.

అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది ఆన్‌లైన్ అమ్మకాల ‘జీఎంవీ’, అంటే గ్రాస్ మర్కండైజ్ వాల్యూ. సింగిల్స్ డే అమ్మకాలు 2009లో నవంబర్ 11 ఒక్కరోజులో 5.2 కోట్ల యువాన్లని, 2021లో నవంబర్ 1 నుంచి 11 వరకు 54,030 కోట్ల యువాన్లని చైనా ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ అలీబాబా ప్రకటించింది. ఇది కొనుగోలుదారులు పెట్టిన ఆర్డర్ల విలువే తప్ప కంపెనీ ఆదాయం కాదు. తర్వాత తిరిగొచ్చిన సరుకు విలువ ఇందులోంచి తగ్గదు. 2022 నుంచి ఆ అంకె చెప్పడమే మానేశారు.

ఇక సున్నాల సంగతి. చైనీయులు ‘వాన్’, అంటే 10 వేలు, ‘యీ’, అంటే 10 కోట్లతో లెక్కిస్తారు. మిలియన్, బిలియన్ వాళ్లనూ మనలాగే తికమక పెడతాయి. ట్రిలియన్ దగ్గర మాత్రం ముగ్గురూ కలుస్తారు: వాళ్ల వాన్‌యీ, మన లక్ష కోట్లు, ఇంగ్లిష్ ట్రిలియన్, మూడింటికీ 12 సున్నాలే. 2024లో చైనా జీడీపీ దాదాపు 135 ట్రిలియన్ యువాన్లు. మన లెక్కలోనూ 135 లక్షల కోట్లే.