నోరు తెరవని పిల్లోనికి మార్కులెందుకు తగ్గుతాయి?

పెండ్లిమర్రి నుంచి ఒక పిల్లోడు పోయి పీజీలో చేరినాడనుకుందాం. ఇంటర్ దాకా గైడ్లు చదివి, డిగ్రీలో ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టి మంచి మార్కులే తెచ్చుకున్నాడు. ఈడికొచ్చినాక సోషల్ సైకాలజీ క్లాసులో కుర్చీలన్నీ గుండ్రంగా వేసినారు. "ఈ పేపర్లో చర్చకు 20 మార్కులు" అన్నారు సారు. మనోడు ముందురోజు రాత్రే పాఠమంతా చదివి వచ్చినాడు. గంటసేపు కూర్చున్నాడు. ఒక్క మాటా మాట్లాడలేదు. పక్కనున్న టౌను పిల్లోడు పుస్తకం తెరవకుండా వచ్చి, పది నిమిషాలు ఇంగ్లీషులో దంచినాడు. సెమిస్టర్ ఆఖర్న చూస్తే మనోనికి 7, ఆ పిల్లోనికి 17.

"ఇదేం న్యాయమబ్బా?" అని కడుపు మండుతాది. మండాల్సిందే. అయితే తప్పు యాడుందో సరిగ్గా పట్టుకోవల్ల. చర్చకు మార్కులు పెట్టడం తప్పు కాదు. ఆ మార్కులు దేనికి వేస్తారో మొదటిరోజే చెప్పకపోవడం తప్పు. చెప్పకపోతే మనం అడగకుండా ఊరుకోవడం ఇంకో తప్పు. తమాషా ఏందంటే, మనోడు ఎందుకు నోరు తెరవలేదో, సారు ఎందుకట్ట మార్కులు వేసినారో, రెండింటికీ జవాబు ఆ సోషల్ సైకాలజీ పుస్తకంలోనే ఉండాది.

నలుగురిలో మనసు

మనిషి ఒక్కడే ఉన్నప్పుడు ఒక తీరుగా ఉంటాడు, నలుగురిలో ఇంకో తీరుగా ఉంటాడు. ఎందుకట్ట అని చూసే చదువే సోషల్ సైకాలజీ. మన ఊర్లో చెక్కభజన చూడండి. ఏండ్ల తరబడి ఆడినోడు జనం ఎంతమంది ఉంటే అంత హుషారుగా అడుగేస్తాడు. మొన్న నేర్చుకున్నోడు ఇంటికాడ బాగానే ఆడతాడు గానీ, తిరునాళ్లలో జనాన్ని చూసేసరికి అడుగు తప్పుతాడు. 1965లో రాబర్ట్ జాయన్స్ అనే అమెరికా సైకాలజిస్టు చెప్పిందీ ఇదే. చుట్టూ మనుషులుంటే బాగా అలవాటైన పని ఇంకా బాగా వస్తాది, కొత్త పని ఇంకా చెడతాది.

మన పిల్లోనికి చదవడం పాత పని. చదివిందాన్ని పట్టుకోని నలుగురి ముందర వాదించడం కొత్త పని. అందులోనూ ఇంగ్లీషులో. పన్నెండేండ్లు "నోరు మూసుకోని కూర్చో" అని చెప్పిన బడి నుంచి వచ్చి, ఒక్కరోజులో "నోరు తెరువు, మార్కులేస్తాం" అంటే ఎట్ట వస్తాది? ఇది తెలివి తక్కువ కాదు, అలవాటు తక్కువ. అలవాటు చేసుకుంటే వస్తాది.

ఇంకో కారణం కూడా ఉండాది. 1950ల మొదట్లో సాలమన్ యాష్ అనే ఆయన ఒక ప్రయోగం చేసినాడు. కొన్ని గీతలు చూపించి, ఏది ఏదానితో సమానమో చెప్పమన్నాడు. చిన్నపిల్లోడైనా చెప్పగలడు. అయితే గదిలో ఒక్కడు తప్ప మిగతావాళ్లంతా ఆయన మనుషులే. వాళ్లు కావాలనే తప్పు జవాబు చెప్తా వచ్చినారు. ఆ ఒక్కడు ఏం చేసినాడు? ప్రయోగంలో పాల్గొన్న ప్రతి నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా కళ్లముందర కనపడేదాన్ని కాదని గుంపుతో పోయినారు. ఇంకో సంగతి కూడా బయటపడింది. గదిలో ఇంకొక్కరు నిజం చెప్పినా చాలు, గుంపుతో పోయేవాళ్లు శానా తగ్గిపోయినారు.

మన క్లాసులో "అర్థమైందా?" అంటే అందరూ తలకాయ ఊపుతారు. నాకొక్కనికే అర్థం కాలేదేమో అని ప్రతోడూ లోపల అనుకుంటాడు. ఒక్కరు లేసి "సార్, నాకు ఈ ముక్క అర్థం కాలేదు" అంటే, మిగతావాళ్ల నోళ్లు కూడా తెరుచుకుంటాయి. ఆ ఒక్క మాట కూడా చర్చే. దానికి కూడా మార్కు ఉండల్ల.

సారు మనసులో ముందే ఉండే లెక్క

ఇప్పుడు మార్కులు వేసే వైపు చూద్దాం. 1968లో రాబర్ట్ రోసెంతాల్, లెనోర్ జాకబ్సన్ అనే ఇద్దరు ఒక అమెరికా బడి మీద పుస్తకం రాసినారు. కొంతమంది పిల్లోళ్ల పేర్లిచ్చి, "వీళ్లు ఈ ఏడాది బాగా పైకొస్తారు" అని టీచర్లకు చెప్పినారు. నిజానికి ఆ పేర్లు ఊరికే చీట్లు తీసినట్టు తీసినవి. ఏడాది అయినాక చూస్తే, చిన్న తరగతుల్లో ఆ పిల్లోళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ ముందుకు పోయినారు. టీచరు ఆశ పెట్టుకుంటే పిల్లోడు పెరిగినాడన్నమాట. ఆ తర్వాత జరిగిన పరిశోధనల్లో ఈ ప్రభావం మొదట చెప్పినంత పెద్దది కాదని తేలింది. అయినా చిన్నదైనా ఉండాదనే శానామంది అంటారు.

మన దేశంలో సంగతి ఇంకా మనకు దగ్గరిది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో బడి పిల్లోళ్లకు కాగితం మీద దారి కనుక్కునే పజిళ్లు ఇచ్చినారు. ఎవురిది ఏ కులమో చెప్పనప్పుడు అగ్రకులాల పిల్లోళ్లు, అణగారిన కులాల పిల్లోళ్లు సమానంగా చేసినారు. అందరి ముందర పేరు, తండ్రి పేరు, కులం చదివి వినిపించినాక, అణగారిన కులాల పిల్లోళ్లు చేసేది బాగా తగ్గిపోయింది. పిల్లోడు అదే, పజిల్ అదే. మారింది గదిలో గాలి.

రేమా హన్నా, లీ లిండెన్ మార్కుల మీదనే పరిశోధన చేసి 2012లో అచ్చేసినారు. పరీక్ష పేపర్ల మీద కులం, వయసు, ఆడా మగా అనే వివరాలు చీట్లు తీసినట్టు అతికించి టీచర్లతో దిద్దించినారు. ఒకే తీరు పేపరుకు, అణగారిన కులం అని ఉంటే మార్కులు కొంచెం తక్కువ పడినాయి. తేడా చిన్నదే, కానీ ఉండాది. ఈ తేడా ఎక్కువగా అణగారిన కులాల నుంచే వచ్చిన టీచర్లు దిద్దిన పేపర్లలో కనపడింది. అంటే ఇది ఒక చెడ్డోడు చేసే పని కాదు, అందరి బుర్రలోనూ దూరిన అలవాటు. ఇంకో మాట ముఖ్యం. దిద్దడం మొదలుపెట్టినప్పుడు, ఎట్ట వేయాలో ఇంకా కుదురుకోనప్పుడు, ఈ తేడా ఎక్కువ కనపడింది.

చర్చకు మార్కులేసే కాడ ఇది గుర్తు పెట్టుకోవల్ల. పేపరు మీద కొలత ఉన్నప్పుడే ఇట్ట జరిగితే, కొలతే లేని "చర్చ"కు మార్కులేస్తే ఏమైతాది? ఇంగ్లీషు యాస, వేసుకున్న చొక్కా, ఇంటి పేరు, ఇవన్నీ మార్కులైపోతాయి. ఒక్క మంచి గుణం చూసి మనిషంతా మంచోడే అనుకోవడాన్ని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే హేలో ఎఫెక్ట్ అన్నాడు. సైనికాధికారులు తమ కింది సైనికులకు మార్కులేసిన తీరు చూసి ఆయన దాన్ని పట్టుకున్నాడు.

మంచి మాట అంటే ఏది?

మరి కొలత ఎట్టుండల్ల? ఒక ఉదాహరణ తీసుకుందాం. పాఠం పేరు "పక్కనున్నోళ్లు ఎందుకు సాయం చేయరు?" 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే చేసిన ప్రయోగం అందులో ఉంటాది. ఒక మనిషికి ఫిట్స్ వచ్చినట్టు మైకులో వినిపించినారు. వింటాండేది తానొక్కడే అనుకున్నోళ్లలో 85 శాతం మంది, ఆ మనిషి మాట ఆగిపోకముందే సాయానికి లేసినారు. ఇంకా నలుగురు వింటాండారు అనుకున్నోళ్లలో 31 శాతమే లేసినారు.

చర్చ మొదలైంది. మొదటి పిల్లోడు అన్నాడు: "ఈ కాలంలో జనానికి మానవత్వం లేదు సార్." ఇది అభిప్రాయం. చెప్పేదానికి చదవాల్సిన పనే లేదు.

రెండో పిల్ల అంది: "జనం ఎక్కువైతే ఎవురో ఒకరు చూస్తార్లే అనుకుంటారు. బాధ్యత పంచుకోని పల్చబడతాది." చదివింది, అర్థం చేసుకుంది. దీనికి మార్కులుండాయి.

మూడో పిల్లోడు మెల్లగా, సగం తెలుగులో సగం ఇంగ్లీషులో అన్నాడు: "ఆమె చెప్పింది నిజమే. కానీ మా ఊర్లో ఎవురన్నా బావి కాడ జారి పడితే పదిమంది ఉన్నా పదిమందీ ఉరుకుతారు. ఆ ప్రయోగంలో ఉన్నోళ్లు ఒకరికొకరు తెలియనోళ్లు. అందుకని తేడా వస్తాదా? పులివెందుల రోడ్డు మీద యాక్సిడెంట్ అయితే మాత్రం మావాళ్లు కూడా బండి ఆపరు. స్టేషన్ చుట్టూ తిప్పుతారని భయం. సాయం చేసినోళ్లను ఇబ్బంది పెట్టకూడదని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినారు గదా. ఆ సంగతి తెలిస్తే ఆపుతారా?"

ఎక్కువ మార్కులు పడాల్సింది ఈ మూడో పిల్లోనికే. పాఠం చదివినాడు. పక్కన పిల్ల మాట విన్నాడు, ఆమె మాటను పేరుపెట్టి పట్టుకున్నాడు. తాను చూసిందాన్ని దాని పక్కన పెట్టినాడు. ఆఖర్న ఇంకొకరు జవాబు చెప్పేదానికి వీలుగా ఒక ప్రశ్న వదిలినాడు. వాడు మాట్లాడింది అర నిమిషం. పది నిమిషాలు దంచినోని కంటే ఇదే ఎక్కువ.

20 మార్కులను ఇట్ట విడగొట్టొచ్చు. చదివొచ్చినందుకు 5, ప్రశ్న అడిగినందుకు 5, ఇంకొకరి మాటకు జవాబిచ్చినందుకు 5, చర్చ అయినాక ఒక పేజీ రాసిచ్చినందుకు 5. ఆఖరు ఐదు మార్కులు నోరు పెగలని పిల్లోళ్లకు ఒక దారి. ఇట్ట రాసి గోడకు అంటిస్తే సారు మీదా అనుమానం ఉండదు, పిల్లోనికీ ఏం చేయాలో తెలుస్తాది.

20 మార్కులే గదా అని తీసేయొద్దు. యూజీసీ పెట్టిన పది పాయింట్ల పద్ధతిలో ఓ గ్రేడుకు 10, ఏ ప్లస్‌కు 9, ఏకు 8, బీ ప్లస్‌కు 7, బీకు 6 పాయింట్లు. నాలుగు క్రెడిట్ల పేపర్లో ఏ వస్తే 32 పాయింట్లు, బీ ప్లస్ వస్తే 28. చర్చలో పోయిన పది మార్కులు గ్రేడును ఒక మెట్టు దించితే, ఆ దెబ్బ సెమిస్టర్ మొత్తం మీద పడతాది. ఎంఎస్‌కని అమెరికా పోయే మన పిల్లోళ్లు ఈ సంగతి ఇంకా బాగా తెలుసుకోవల్ల. ఆడ శానా క్లాసుల్లో చర్చకు ఎంత శాతమో మొదటివారం ఇచ్చే సిలబస్ కాగితంలోనే రాసిపెడతారు. చదవకుండా మడిచి బ్యాగులో పెట్టుకుంటే నష్టం మనకే.

మనం చేయాల్సింది, సార్లు చేయాల్సింది

ముందు మన పని. క్లాసుకు పోయేముందు ఒక ప్రశ్న కాగితం మీద రాసుకోని పోవల్ల. గుండె దడ పెరగకముందే, మొదటి పది నిమిషాల్లోనే దాన్ని అడిగేయల్ల. ఆలస్యం చేసేకొద్దీ భయం పెరుగుతాది. ఇంగ్లీషు తట్టకపోతే "తెలుగులో చెప్పొచ్చా సార్?" అని అడగల్ల. అడగడం తప్పు కాదు. స్నేహితుడు మాట్లాడినాక "వాడన్నదాంట్లో నాకు ఒక డౌటు" అని పట్టుకుంటే, వానికీ ధైర్యం, మనకూ ధైర్యం. యాష్ ప్రయోగంలో ఆ ఇంకొక్కడు చేసిన పని ఇదే.

ఇంక సార్ల పని. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో బడుల్లో గమనించింది. ప్రశ్న అడిగినాక టీచర్లు సగటున ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగడం లేదు. మూడు సెకన్లు, అంతకంటే ఎక్కువ ఆగితే పిల్లోళ్ల జవాబులు పొడుగైనాయి, ఎప్పుడూ మాట్లాడనోళ్లు కూడా నోరు తెరిచినారు. మూడు సెకన్లకు ఖర్చేం కాదు. మార్కులు ఏ రోజువి ఆ రోజే రాసుకుంటే, ఆఖర్న గుర్తున్న ముఖాలకు వేసే తిప్పలు ఉండదు. రాసిచ్చిన పేజీల మీద పేరు మూసి దిద్దితే ఇంకా మంచిది.

మాట్లాడడం మనకు కొత్తేం కాదు. రచ్చబండ కాడ నీళ్ల గురించి, చీనీకాయల ధర గురించి, ఎలక్షన్ల గురించి మనోళ్లు మాట్లాడితే పొద్దు గూకేదే తెలియదు. ప్రొద్దుటూరు అవధానాలకు పేరున్న ఊరు. అవధానంలో సంబంధం లేని మాటలతో అవధానిని తప్పుదారి పట్టించేదానికి అప్రస్తుత ప్రసంగి అని ఒకాయన్నే కూర్చోబెడతారు. మన క్లాసులో ఆ పని శానామంది ఊరికే చేస్తాంటారు, వాళ్లకు మార్కులు పడకుంటే చాలు. 2006లో కడప నుంచి పులివెందుల పోయే దారిలో వచ్చిన యూనివర్సిటీకి పేరు పెట్టింది కూడా ఊరికే దేన్నీ ఒప్పుకోని, అన్నింటినీ ప్రశ్నించిన వేమన పేరే.

అందుకని తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఈసారి చర్చ క్లాసు మొదటిరోజు ఎవురూ అడగకపోతే మీరే లేసి అడగండి: "సార్, ఈ 20 మార్కులు దేనికి వేస్తారు?" తలకాయలన్నీ మీ వైపు తిరుగుతాయి. తిరగనీండి. వాళ్ల మనసులో ఉండే ప్రశ్న కూడా అదే.